ఏమనిపిస్తోంది అని అడిగితే 'నీరసం' అనే అమ్మ, 'టెన్షన్' అనే కూతురు

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా నా మాటల్లో చెబుతాను, చదివే మిగతావారికి కూడా విషయం తెలియాలి కదా. ప్రొద్దుటూరులో ఉండే మీ అమ్మగారిని మనవడిని చూసుకోవడానికి బెంగళూరు తీసుకొచ్చారు. వైట్‌ఫీల్డ్‌లో అపార్ట్‌మెంటు, పదకొండో అంతస్తు. కొన్ని నెలలుగా ఆవిడ కాళ్ళు పీకుతున్నాయని, నీరసంగా ఉందని, గుండెల్లో ఏదో బరువుగా ఉందని అంటున్నారు. పరీక్షలు చేయించారు, ఏమీ తేలలేదు. ఇది మనసుకు సంబంధించినది కావచ్చన్నారు డాక్టరు. "అమ్మా, నీ మనసులో ఏమైనా బాధ ఉందా?" అని మీరు అడిగితే, "నాకేం బాధ? మహారాణిలా చూసుకుంటున్నారు" అన్నారట. ఇదిలా ఉండగా మీ ఆఫీసులో కౌన్సెలర్ మీకేమనిపిస్తోందని అడిగితే మీ నోట 'టెన్షన్' తప్ప మరో మాట రాలేదు. ఆ కౌన్సెలర్ చేతికిచ్చిన ఉద్వేగాల ఇంగ్లిషు పట్టికలో ఒక్క మాట కూడా మీది అనిపించలేదు. అసలు ఉద్వేగం అంటే ఏమిటి, దానికి పేరు చెప్పలేకపోతే అది లేనట్టేనా, మన భాషలో వీటికి మాటలు లేవా అని అడిగారు.

నేను ఈ ఊళ్ళో చాలా ఏళ్ళుగా మనస్తత్వ నిపుణురాలిగా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవారిలో తెలుగువాళ్ళు ఎక్కువ. మీ ఇంటి పరిస్థితి నాకు బాగా పరిచయమైనదే. అందుకే ముందు సూటిగా ఒక మాట చెబుతాను. మీ అమ్మగారు మీ ప్రశ్నకు జవాబు చెబుతూనే ఉన్నారు. కాళ్ళు పీకడం, నీరసం, గుండెల్లో బరువు, అదే ఆవిడ జవాబు. ఆవిడ ఒంటి దగ్గర ఆగిపోయారు. మీరు పేరు దగ్గర ఆగిపోయారు. ఈ రెండింటికీ మధ్య ఉండేది సందర్భం. ఎప్పుడు, ఎవరి ఎదుట, ఏం జరిగినప్పుడు అలా అవుతోంది అన్నది ఇద్దరూ వదిలేశారు. నేను చెప్పదలచుకున్నదంతా ఆ వదిలేసిన భాగం గురించే.

'ఉద్వేగం' అన్న మాట వల్ల మనకు ఒక చిక్కు వచ్చిపడింది. పాఠ్యపుస్తకాల్లో ఉద్వేగం అంటారు, పత్రికల్లో భావోద్వేగం అంటారు. ఫలానా నాయకుడు సభలో భావోద్వేగానికి లోనయ్యారని చదవగానే ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నారని అర్థం చేసుకుంటాం. ఇలా చదివి చదివి, ఉద్వేగమంటే పొంగి పైకి వచ్చేదే అన్న అభిప్రాయం మనలో పాతుకుపోయింది. ఏడుపో, అరుపో, వణుకో ఉంటేనే లెక్క. వెలితి, బెంగ, ముభావం, చిన్నబోవడం చప్పుడు చేయవు, కాబట్టి వాటిని ఎవరూ ఉద్వేగాలుగా పట్టించుకోరు. మీ అమ్మగారిలో మీరు వెతికింది ఏడుపును. అది కనిపించకపోయేసరికి ఏమీ లేదనుకున్నారు.

ఇక ఉద్వేగమంటే ఏమిటన్న మీ పెద్ద ప్రశ్న. సరిగ్గా ఈ ప్రశ్ననే శీర్షికగా పెట్టి 1884లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త విలియం జేమ్స్ 'మైండ్' పత్రికలో ఒక వ్యాసం రాశాడు. ఎలుగుబంటిని చూస్తాం, భయపడతాం, పరిగెత్తుతాం, ఇదీ అందరూ అనుకునే వరుస. జేమ్స్ దాన్ని తలకిందులు చేశాడు. చూడగానే ఒళ్ళు స్పందిస్తుంది, గుండె కొట్టుకుంటుంది, కాళ్ళు కదులుతాయి, ఆ మార్పులు మనకు తెలియడమే భయం అన్నాడు. మరుసటి ఏడాది డెన్మార్క్ వైద్యుడు కార్ల్ లాంగే కూడా విడిగా ఇంచుమించు ఇదే మాట చెప్పాడు. 1927లో హార్వర్డ్ శరీరశాస్త్రవేత్త వాల్టర్ కానన్ దీన్ని గట్టిగా ఖండించాడు. కోపంలోనూ గుండె వేగం పెరుగుతుంది, భయంలోనూ పెరుగుతుంది, జ్వరంలోనూ పెరుగుతుంది. మరి ఒళ్ళు ఒక్కటే చూసి ఇది ఫలానా భావమని ఎలా చెబుతారని అడిగాడు. కానన్ ప్రశ్న ఇప్పటికీ న్యాయమైనదే.

1962లో షాక్టర్, సింగర్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. చూపు మీద విటమిన్ల ప్రభావాన్ని పరీక్షిస్తున్నామని చెప్పి విద్యార్థులకు అడ్రినలిన్ సూది వేశారు. గుండె దడదడలాడుతుందని కొందరికి ముందే చెప్పారు, కొందరికి చెప్పలేదు. తర్వాత, సంతోషంతో గంతులేసే మనిషి ఉన్న గదిలో కొందరిని, చిరాకుతో మండిపడే మనిషి ఉన్న గదిలో మరికొందరిని కూర్చోబెట్టారు. గుండె దడకు కారణం తెలియనివాళ్ళు పక్క మనిషి వైపు ఎక్కువగా మొగ్గారని, తమ దడను ఆ సందర్భానికి తగ్గట్టు అర్థం చేసుకున్నారని వాళ్ళు తేల్చారు. తర్వాత ఇతరులు చేసిన ప్రయోగాల్లో ఫలితాలు ఇంత స్పష్టంగా రాలేదు, అది కూడా చెప్పాలి. అయినా అందులోని ఆలోచన నిలిచింది. ఒంటిలో కదలిక ఉంటుంది, దాన్ని మనం సందర్భాన్ని బట్టి అర్థం చేసుకుంటాం.

అప్పటి నుంచి పండితులు స్థూలంగా రెండు వైపులుగా ఉన్నారు. భయం, కోపం, దుఃఖం, సంతోషం, అసహ్యం, ఆశ్చర్యం మనుషులందరి ముఖాల్లోనూ ఒకేలా పలుకుతాయని పాల్ ఎక్‌మన్ వాదించాడు. బయటి ప్రపంచంతో పెద్దగా సంబంధం లేని పపువా న్యూగినీ ఫోరే ప్రజలకు ఫోటోలు చూపించి ఆ వాదాన్ని నిలబెట్టాడు, ఆ పరిశోధన 1971లో వెలువడింది. అలాంటి తయారు అచ్చులేవీ మెదడులో లేవని, గత అనుభవాన్నీ నేర్చుకున్న మాటలనూ ఆసరా చేసుకుని మెదడు ఆ క్షణానికి తగిన ఉద్వేగాన్ని కూర్చుకుంటుందని లిసా ఫెల్డ్‌మన్ బారెట్ అంటుంది. వాదం ఇంకా నడుస్తోంది. రోజూ మనుషులతో కూర్చునే నాకు బారెట్ వైపే ఎక్కువ నమ్మకం. ఒకే దడను ఒకరు భయమంటారు, మరొకరు ఉత్సాహమంటారు, ఆ తర్వాత వాళ్ళు చేసే పనులు కూడా వేరుగానే ఉంటాయి. ఇది నేను ఎన్నోసార్లు గమనించాను.

మన వైపు చూస్తే, సుమారు రెండు వేల ఏళ్ళ కిందటి నాట్యశాస్త్రం ఈ విషయాన్ని చాలా లోతుగా పట్టుకుంది. అది రంగస్థలం కోసం రాసినది, చికిత్స కోసం కాదు. ఆ తేడా మరవకూడదు. కానీ నటుడు ఒక భావాన్ని ప్రేక్షకుడి ముందు నిలబెట్టాలంటే ఏమేమి కావాలో ఆ గ్రంథకర్త భరతుడు విడదీసి చెప్పాడు. విభావం అంటే ఆ భావానికి కారణమైన మనిషి, చోటు, సంగతి. అనుభావం అంటే అది బయటపడే తీరు. వీటితో పాటు వచ్చి పోయే భావాలు వ్యభిచారి భావాలు, వాటినే సంచారి భావాలు అని కూడా అంటారు. ఇవన్నీ కలిస్తేనే రసం, అంటే ప్రేక్షకుడు ఆస్వాదించే అనుభూతి. రతి, హాసం, శోకం, క్రోధం, ఉత్సాహం, భయం, జుగుప్స, విస్మయం అని స్థాయి భావాలు, అంటే నిలకడగా ఉండే మూల భావాలు, 8. సంచారులు 33. చెమట పట్టడం, గొంతు మారడం, వణకడం, కన్నీరు, ఒళ్ళు గగుర్పొడవడం లాంటి సాత్త్విక భావాలు మరో 8. మొత్తం 49.

ఆ 33 సంచారుల పట్టికను ఒక్కసారి చదవండి, మీ అమ్మగారు కనిపిస్తారు. అందులో శంక, అసూయ, చింత, దైన్యం, విషాదం ఉన్నాయి, ఇవి మనం ఊహించేవే. వాటి సరసనే గ్లాని ఉంది, అంటే ఒంట్లో సత్తువ లేకపోవడం. శ్రమ ఉంది. వ్యాధి ఉంది. నిద్ర కూడా ఉంది. నీరసాన్ని భావాల వరుసలోనే లెక్కపెట్టిన సంప్రదాయం మనది. ఆ పట్టికలోనే అవహిత్థ అని ఒకటుంది. మనసులో ఉన్నదాన్ని ముఖంలో కనపడనీయకుండా దాచుకోవడమని దాని అర్థం. దాచుకోవడం కూడా ఒక భావమే! "నాకేం బాధ, మహారాణిలా చూసుకుంటున్నారు" అన్న మాట విన్నప్పుడల్లా నాకు అవహిత్థ గుర్తుకు వస్తుంది. కూతురి దగ్గర, అందులోనూ అల్లుడు ఉన్న ఇంట్లో, ఒక తల్లి మరేం చెబుతుంది?

ఆవిడ ఒంటి గురించే మాట్లాడటానికి ఇంకో బలమైన కారణం ఉంది. దాని మీద పరిశోధన జరిగింది మన బెంగళూరులోనే, హోసూరు రోడ్డులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో. ఆర్. రఘురామ్, మిచెల్ వైస్, వారి సహచరులు అక్కడికి వచ్చిన రోగులతో మాట్లాడి 1996లో ఫలితాలు ప్రచురించారు. మనసు బాగాలేదు, దిగులుగా ఉంది అని చెప్పుకునే లక్షణాలు ఎక్కువ ఉన్నవారిలో నలుగురు ఏమనుకుంటారో అన్న సంకోచం ఎక్కువగా కనిపించింది. నొప్పులు, నీరసం లాంటివి ముందుకొచ్చిన వారిలో ఆ సంకోచం తక్కువ. కారణం మనకు తెలిసిందే. కాళ్ళనొప్పి అందరికీ వచ్చేదే, అది చెప్పుకుంటే ఎవరూ తప్పు పట్టరు. దిగులుగా ఉందంటే వెంటనే "ఎందుకు? ఎవరేమన్నారు?" అని ఇంట్లో విచారణ మొదలవుతుంది. మీ అమ్మగారికి మాటలు రాక కాదు. ఏ మాట అంటే ఎవరి మీదికి వస్తుందో ఆవిడకు తెలుసు.

ఇది మన దేశానికే పరిమితం కాదు. తహితి ద్వీపంలో పనిచేసిన రాబర్ట్ లెవీ అనే మానవశాస్త్రవేత్త 1973లో ఒక పుస్తకం ప్రచురించాడు. అక్కడివాళ్ళు కోపానికి ఎన్నో మాటలు వాడతారట. కానీ అయినవాళ్ళు దూరమైనప్పుడు కలిగే స్థితిని అలసట అనో, ఒంట్లో బాగాలేదనో చెప్పుకుంటారట. వాళ్ళకు శోకం లేదని లెవీ అనలేదు. శోకాన్ని శోకంగా గుర్తించే అలవాటు ఆ సమాజంలో తక్కువ అన్నాడు. పేరు చెప్పలేకపోతే భావం లేనట్టేనా అన్న మీ రెండో ప్రశ్నకు ఇదే నా జవాబు. భావం ఉంటుంది. పేరు లేనప్పుడు అది వేరే చిరునామాకు చేరుతుంది, ఎక్కువసార్లు ఒంటికి.

తమకేమనిపిస్తోందో నిజంగానే పట్టుకోలేని మనుషులు కూడా ఉంటారు. 1970ల మొదట్లో పీటర్ సిఫ్నియోస్ అనే వైద్యుడు ఆ స్థితికి అలెక్సితైమియా అని పేరు పెట్టాడు. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే మీ అమ్మగారికి గానీ మీకు గానీ అది ఉందని నాకు అనిపించడం లేదు. అంతర్జాలంలో దొరికే ప్రశ్నావళులు నింపి పేర్లు తగిలించుకోకండి.

మరి అమ్మగారిని ఎలా అడగాలి? నా దగ్గర జరిగిన ఒక సంభాషణ చెబుతాను. ఎవరో తెలియకుండా వివరాలు మార్చాను, మాటల వరుస మాత్రం అదే. ఆవిడ కూడా మనవడి కోసం వచ్చి ఇక్కడ ఉంటున్నవారే.

"ఎలా ఉన్నారమ్మా?"

"బాగానే ఉన్నాను. కాళ్ళే పీకుతున్నాయి."

"పొద్దున లేవగానే పీకుతాయా, సాయంత్రమా?"

ఆవిడ కాస్త ఆలోచించారు. "పిల్లవాడిని బడి బస్సు ఎక్కించి పైకి వస్తాను చూడండి, అప్పుడు మొదలవుతుంది."

"ఆ వేళకు ఇంట్లో ఎవరెవరు ఉంటారు?"

"ఎవరుంటారు? ఇద్దరూ ఆఫీసుకు పోతారు. పనమ్మాయి వస్తుంది, ఆ అమ్మాయి మాట నాకు రాదు, నా మాట ఆ అమ్మాయికి రాదు."

"ఊళ్ళో అయితే ఆ వేళకు ఏం చేస్తుండేవారు?"

ఇక ఆవిడ ఆగలేదు. తోపుడు బండి మీద ఆకుకూరలు వచ్చేవేళ అది, బేరమాడటానికి నలుగురూ వీధిలోకి వచ్చేవారు, తర్వాత అరుగు మీద కూర్చుని కనకాంబరాలు కట్టేవారు, ఫలానా వాళ్ళ కోడలు వచ్చి కూర లేదని అడిగేది, ఇలా ఒక్కొక్కటీ చెప్పుకుంటూ పోయారు. చివరికి ఒక మాట అన్నారు. "ఇక్కడ అందరూ నన్ను ఆంటీ అంటారు, అజ్జీ అంటారు. పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఒక్కరూ లేరు." అలా అంటూ మోకాలు రుద్దుకోవడం మానేశారు.

మీ మనసులో బాధ ఉందా అని నేను అడిగి ఉంటే లేదనే చెప్పేవారు. వేళ అడిగాను, మనుషులను అడిగాను, చోటు అడిగాను. భరతుడి మాటలో విభావం అడిగాను. అది చెప్పాక భావానికి పేరు పెట్టాల్సిన అవసరం కూడా పెద్దగా రాలేదు, ఇద్దరికీ తెలిసిపోయింది.

పేరు కావాలంటే మన ఇళ్ళలో ఉంది, బెంగ. తల్లి ఊరెళితే పిల్లవాడికి జ్వరం వస్తుంది, ఇంట్లో పెద్దవాళ్ళు ముట్టుకుని చూసి "బెంగ పెట్టుకున్నాడు" అంటారు. ఆ ఒక్క వాక్యంలో ఒళ్ళు, సందర్భం, పేరు మూడూ కలిసి ఉన్నాయి. దూరమైన మనిషో చోటో లేకుండా బెంగ ఉండదు. దిగులు కారణం తెలియకుండా కూడా పట్టుకుంటుంది. గుబులు రాబోయేదాని గురించి. విచిత్రమేమిటంటే పిల్లల విషయంలో ఇంత తేలిగ్గా గుర్తించే బెంగను అరవై దాటిన మనిషి తనకు తాను ఒప్పుకోదు. "ఈ వయసులో నాకు బెంగేమిటి?" అంటుంది. కాబట్టి "నీకు బెంగగా ఉందా అమ్మా" అని మాట అందించకండి. ఊళ్ళో ఈ వేళకు ఏం చేసేదానివి అని అడగండి, తర్వాత వినండి. ఆవిడ చెబుతున్నప్పుడు మధ్యలో "మరి ఇక్కడ కూడా గుడి ఉంది కదా, కింద పార్కు ఉంది కదా" అని సర్దిచెప్పే ప్రయత్నం అసలు చేయకండి. సర్దిచెప్పిన మరుక్షణం ఆవిడ మళ్ళీ కాళ్ళనొప్పి దగ్గరికే వెళ్ళిపోతారు.

ఒక జాగ్రత్త. మనసుకు సంబంధించినదని డాక్టరు అన్నంత మాత్రాన ఒంటిని వదిలేయకూడదు. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బి12, చక్కెర చూశారో లేదో కాగితాలు తీసి ఒకసారి సరిచూసుకోండి. గుండెల్లో బరువు అన్నారు కాబట్టి ఈసీజీ తీయించకపోతే తీయించండి. ఆ బరువు నడిచినప్పుడో మెట్లెక్కినప్పుడో పెరుగుతున్నా, చెమటలు పట్టి ఎడమ చేతికో దవడకో పాకుతున్నా బెంగ అనుకుని కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్ళండి.

ఇప్పుడు మీ సంగతి. మీ ఇబ్బంది మీ అమ్మగారిదానికి ఎదురు దిశలో ఉంది. మీకు పేరు మరీ త్వరగా దొరికిపోయింది. టెన్షన్ అనగానే అవతలివాళ్ళు తల ఊపుతారు, ఇంకేం అడగరు, మీరూ లోపలికి చూడరు. పరీక్షకు టెన్షన్, చుట్టాలొస్తే టెన్షన్, వాయిదా కట్టాలంటే టెన్షన్. పెరట్లో దొరికిన ప్రతి ఆకునూ ఆకుకూర అని వండేస్తే ఏది కడుపుకు పడిందో ఏది పడలేదో తెలియనట్టే ఉంటుంది ఇది.

మీరు మూడు సందర్భాలు రాశారు. సోమవారం ఉదయం మీటింగులో మీ వంతు వచ్చేముందు టెన్షన్. అమ్మ కాళ్ళు పీకుతున్నాయన్నప్పుడు టెన్షన్. మీ వారు సిల్క్‌బోర్డు దగ్గర ఇరుక్కుపోయాను, ఆలస్యమవుతుంది అని ఫోన్ చేసినప్పుడు టెన్షన్. ప్రతి దాని పక్కన ఒక ప్రశ్న వేసుకోండి, ఆ క్షణంలో నాకు ఏం చేయాలనిపించింది? మీటింగులో ఎవరికీ కనపడకుండా ఉంటే బాగుండు అనిపించి ఉంటే అది జంకు, బెరుకు. అమ్మ మాట విన్నప్పుడు అక్కడి నుంచి లేచి వెళ్ళిపోవాలని, మళ్ళీ వెంటనే వచ్చి ఆ కాళ్ళు ఒత్తాలని అనిపించి ఉంటే, నా అవసరానికి ఆవిడను తెచ్చి ఇక్కడ పడేశానే అని మనసు పీకుతోందన్నమాట. ఫోన్ వచ్చినప్పుడు ఏదో ఒకటి గట్టిగా అనేయాలని, కానీ ట్రాఫిక్‌కు ఆయనేం చేస్తారు అని నోరు మూసుకోవాలని అనిపిస్తే అది ఉక్రోషం, అంటే చేయగలిగిందేమీ లేనప్పుడు వచ్చే కోపం. ఇవి నా ఊహలు, నిజంగా ఏమిటో మీకే తెలుస్తుంది. కానీ విడదీశాక చూడండి. బెరుకుకు మందు ముందురోజు రాత్రి చెప్పవలసినవి రాసుకోవడం. మనసు పీకడానికి మందు అమ్మతో మాట్లాడటం. ఉక్రోషానికి మందు సాయంత్రం పనులను మీ వారితో కలిసి మళ్ళీ పంచుకోవడం. ధ్యానం యాప్ పెట్టుకుని టెన్షన్‌కు మందు వేస్తే ఈ మూడింటిలో ఒక్కటీ తగ్గదు.

బారెట్, ఆమె సహచరులు 2001లో ఇదే విషయాన్ని పరిశీలించారు. తమకు కలిగే బాధాకరమైన భావాలను విడివిడిగా గుర్తించేవాళ్ళు, ముఖ్యంగా ఆ భావాలు తీవ్రంగా ఉన్నప్పుడు, వాటిని అదుపులో పెట్టుకోవడానికి ఎక్కువ మార్గాలు వాడుతున్నారని తేలింది. ఏమిటో తెలిస్తే ఏం చేయాలో తోస్తుంది.

తెలుగులో మాటలు లేవా అన్నారు. మాటలకేం కొదవ లేదు. చిరాకు, విసుగు, కినుక, అలక, రోషం, అక్కసు, ఉక్రోషం, కసి, ఇవన్నీ కోపం ఇంటివే, ఒక్కటీ మరోదానికి బదులు రాదు. అలిగినవాళ్ళకు బతిమాలేవాళ్ళు కావాలి, కసి పట్టినవాళ్ళకు అక్కర్లేదు. నన్నడిగితే మాటల కన్నా వాటి పక్కన మనం వాడే క్రియల్లో ఎక్కువ విషయం ఉంది. కోపం వస్తుంది. భయం వేస్తుంది. దిగులు పట్టుకుంటుంది. జాలి కలుగుతుంది. ఇవన్నీ 'నాకు' జరిగేవి, నేను పిలవకుండా వచ్చేవి. కోప్పడ్డాను, భయపడ్డాను, సిగ్గుపడ్డాను అన్నప్పుడు 'నేను' వస్తాను. ఇక కోపం తెచ్చుకోకు, బెంగ పెట్టుకోకు, మనసులో పెట్టుకోకు అంటాం, అంటే తెచ్చుకోవడం, పెట్టుకోవడం కొంత మన చేతిలో ఉందని.

ఆలుమగలు నా ముందు కూర్చుని వాదించుకునేటప్పుడు నేను ఈ తేడానే వాడుకుంటాను. "నాకు కోపం వచ్చింది" అన్నదానికి ఎవరూ సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు, అది వచ్చింది, అంతే. "పిల్లవాడి మీద కోప్పడ్డాను" అన్నదానికి మాత్రం జవాబుదారీ ఉంది. చాలామంది ఈ రెండింటినీ కలిపేసి, కోపం రావడమే తప్పని కుమిలిపోతారు, లేదా కోపం వచ్చింది కాబట్టి తిట్టడం సహజమేనని సమర్థించుకుంటారు. మీ కౌన్సెలర్ ఇచ్చిన పట్టిక మీది అనిపించకపోవడానికి కారణం ఇక్కడే ఉందని నా అనుమానం. ఒక్కో మాట ఒంటరిగా ఉంది, దాని పక్కన వచ్చిందా, పట్టుకుందా, తెచ్చుకున్నానా అన్న క్రియ లేదు. ఆ పట్టికను పక్కన పెట్టి, మీకు జరిగినదాన్ని 'నాకు' అని మొదలుపెట్టి పూర్తి తెలుగు వాక్యంగా రాయండి. "అమ్మ మోకాలు పట్టుకుని కూర్చోవడం చూస్తే నాకు మనసు పీకుతుంది." ఇది కౌన్సెలర్‌కు ఏ పట్టికకన్నా ఎక్కువ చెబుతుంది. ఆవిడకు తెలుగు రాకపోతే వాక్యం మొత్తాన్ని వివరించండి, ఒక్క మాటకు కుదించకండి.

మీ అబ్బాయి విషయంలోనూ ఇదే చేయవచ్చు. బెంగళూరు పిల్లలు కన్నడం నుంచి 'బేజారు' అన్న మాట పట్టుకుంటారు. తోచకపోయినా బేజారే, స్నేహితుడు ఆటకు పిలవకపోయినా బేజారే. బేజారు అన్నప్పుడు ఏం జరిగిందిరా అని ఒక్క ప్రశ్న అడిగితే, తోచడం లేదా, నొచ్చుకున్నాడా తెలిసిపోతుంది.

పేరు పెట్టడం వల్ల నిజంగా ఉపశమనం ఉంటుందా అంటే, కొంత ఉంటుంది. 2007లో మాథ్యూ లీబర్‌మన్ బృందం కోపం, భయం నిండిన ముఖాలను జనానికి చూపించి మెదడు స్కాన్ చేసింది. ఆ ముఖానికి తగిన భావం పేరు ఎంచుకున్నప్పుడు, భయానికి తొందరగా స్పందించే అమిగ్డాలా అనే భాగంలో చురుకు తగ్గింది. అదే ముఖానికి మనిషి పేరు ఎంచుకోమన్నప్పుడు అలా తగ్గలేదు. 2012లో అదే పరిశోధకుడు పాలుపంచుకున్న మరో అధ్యయనంలో, సాలీడంటే హడలిపోయేవాళ్ళు దాని ఎదుట నిలబడి తమ భయాన్ని మాటల్లో చెప్పారు. వారం తర్వాత మళ్ళీ సాలీడును చూసినప్పుడు వాళ్ళ ఒంట్లో భయం గుర్తులు అలా చెప్పకుండా వేరే పద్ధతులు పాటించిన బృందాలకన్నా తక్కువగా ఉన్నాయి. అయితే పేరు పెట్టడం వేరు, అదే విషయాన్ని రాత్రంతా తవ్వుకోవడం వేరు. రెండోది మనిషిని ఇంకా కుంగదీస్తుంది. ఒకసారి రాయండి, సందర్భం రాయండి, ఏం చేయాలనిపించిందో రాయండి, పుస్తకం మూసేయండి.

ఇక ఇంట్లో చేయవలసినది. పగటిపూట ఆవిడ ఒంటరిగా ఉండే ఆ వేళను ముందు చూడండి. అపార్ట్‌మెంటులో తెలుగు ఇళ్ళు చాలానే ఉంటాయి, మీ అమ్మగారి వంటి వారు వాటిలో ఇంకొందరు తప్పకుండా ఉంటారు. వాళ్ళను కలపండి, ఆంటీ అని కాకుండా పేరుతో పరిచయం చేయండి. ఈసారి దసరాకు ప్రొద్దుటూరు పంపండి. అమ్మవారిశాల ఉత్సవాలు చూడకుండా ఆ ఊరివాళ్ళకు దసరా గడవదు. వెళ్ళి ఎన్నాళ్ళుండాలో, తిరిగి ఎప్పుడు రావాలో ఆవిడనే తేల్చమనండి. ఆవిడ "మీ ఇష్టం" అంటారు. అప్పుడు "మా ఇష్టం కాదు, నీ ఇష్టం చెప్పు" అని మరోసారి అడగండి. పిల్లవాడికి బడి తర్వాత వేరే ఏర్పాటు కావాల్సి వస్తుందేమో, అది మీరూ మీ వారూ ముందే మాట్లాడుకోండి. ఏర్పాటు లేకుండా అడిగితే ఆవిడకు అది ప్రశ్నలా వినపడదు.

నిద్ర పూర్తిగా చెడినా, తిండి తగ్గి బరువు తగ్గుతున్నా, ఇష్టమైన వాటి మీద కూడా ఆసక్తి పోయి రెండు వారాలు దాటినా, బతికి ఏం లాభం అన్న మాట ఒక్కసారి వచ్చినా ఇంటి చిట్కాలతో ఆగకండి. మానసిక వైద్యుడికి చూపించండి, దిగులు జబ్బుకు మంచి చికిత్స ఉంది. ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవకు 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగు ఎంచుకోవచ్చు. నిమ్హాన్స్‌కు వెళ్ళినా, ప్రైవేటు వైద్యుడి దగ్గరికి వెళ్ళినా అమ్మగారితో తెలుగులో మాట్లాడగలవారు కావాలని ముందే అడగండి. మీరు పక్కన కూర్చుని అనువదించే పద్ధతి పెట్టుకోవద్దు, మీ ఎదుట చెప్పలేనివి ఆవిడకు ఉండే ఉంటాయి.